అరికాలి మంట నెత్తికెక్కేలోపు

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాన్నతో కలిసి మిరప చేలోకి పోయాను. చెప్పులు గట్టు మొదట్లోనే విడిచాం. ముందురోజు తడి పెట్టారు కాబోలు, నల్లరేగడి ఇంకా మెత్తగానే ఉంది. మడవ దాటి కుడికాలు మోపానో లేదో, కాలు గాల్లోకి లేచిపోయింది. ఎడమకాలు కొయ్యలా బిగుసుకుని ఒంటి బరువంతా తనమీద వేసుకుంది. చేతులు రెండూ కొంగ రెక్కల్లా పక్కలకి విచ్చుకున్నాయి. ఇదంతా అయ్యాక, తీరిగ్గా అన్నట్టు, "అబ్బా!" అన్నాను. తుమ్మముల్లు.

"పట్నం కాళ్ళయిపోయినయ్ రా నీయి," అని వెనకనుంచి నాన్న నవ్వాడు.

గట్టు మీద చతికిలబడి ముల్లు లాగేసుకున్నాను గానీ ఒక సందేహం మాత్రం గుచ్చుకునే ఉండిపోయింది. కాలు ఎత్తింది ఎవరు? నేనైతే కాదు. నాకు నొప్పి తెలిసేసరికే కాలు పైన ఉంది. ఎడమకాలిని బిగుసుకోమని చెప్పింది ఎవరు? చేతుల్ని విచ్చుకోమన్నది ఎవరు? నా ఒంట్లో జరిగిన సంగతి నాకే ఆఖర్న తెలిసింది.

కోపం ముంచుకొచ్చినవాళ్ళని చూసి "అరికాలి మంట నెత్తికెక్కింది" అంటాం. ఆ మాట మొదట అన్నవారెవరో గానీ దారిని సరిగ్గా కనిపెట్టారు. అరికాల్లో పుట్టింది నెత్తి దాకా ఎక్కితేగాని మంట అనిపించుకోదు. ఎక్కడానికి కొంత వ్యవధి పడుతుంది. ఆ కాస్త వ్యవధిలో ఒంట్లో ఎన్ని పనులు చక్కబడిపోతాయో చూస్తే ముచ్చటేస్తుంది.

అరికాలి చర్మం కింద నాడీతంతువుల కొసలు గడ్డి వేళ్ళలా అల్లుకుని ఉంటాయి. అన్నీ ఒక్క రకం కాదు. కొన్నిటికి చుట్టూ కొవ్వుపొర ఉంటుంది, కొన్నిటికి ఏ పొరా ఉండదు. ముల్లు కబురు ఒకేసారి రెండు బాటలు పడుతుంది. పలచటి పొరైనా ఉన్న తంతువుల మీద సెకనుకు 5 నుంచి 30 మీటర్ల దాకా పరుగెడుతుంది. "చురుక్కు"మనేది అదే. పొర లేని తంతువుల మీద సెకనుకు మీటరు, కాస్త అటూ ఇటూ. గంటకు మూడున్నర కిలోమీటర్లన్నమాట. గట్టు మీద మనిషి నడిచే నడక. సలుపు, మంట, పోటు ఈ నడకదారినే వస్తాయి.

గడపకి కాలి బొటనవేలు కొట్టుకున్నప్పుడు ఈసారి గమనించండి. ముందు ఒక్క చురుక్కు. తర్వాత ఒక సెకను ఖాళీ. ఆ ఖాళీలో మనకి తెలిసిపోతుంది, అసలుది వెనకాల వస్తోందని. పళ్ళు బిగపట్టి ఎదురుచూస్తాం. వస్తుంది. వేలు నుంచి నడుం దాకా ఉన్న మీటరు దూరాన్ని నొప్పి నడుచుకుంటూ వచ్చిందన్నమాట. ఒంటిలోని దూరం మనకి స్వయంగా అనుభవంలోకి వచ్చే సందర్భాలు ఇంతకంటే ఎక్కువ లేవు.

నా కాలిని ఎత్తింది మాత్రం మెదడు కాదు, నడుం దగ్గరున్న వెన్నుపాము. కబురు అక్కడికి చేరగానే తొడ వెనక కండరాలకి ఉత్తర్వు వెళ్ళిపోయింది. అదే క్షణంలో ఇంకో ఉత్తర్వు అడ్డంగా దాటి రెండో కాలికి పోయింది: గట్టిగా నిలబడు, బరువు నీమీద పడబోతోంది. ఊళ్ళో వామికి నిప్పంటుకుంటే కలెక్టరు గారి సంతకం కోసం ఆగుతామా? బిందెలు పట్టుకుని ముందు చెరువుకి పరుగెడతాం, కబురు తర్వాత వెళ్తుంది. మెదడుకి అందేది ఆ తర్వాతి కబురే.

ఇలా వ్యవధి పడుతుందని మనుషులు చాలాకాలం నమ్మలేదు. తలచుకోగానే వేలు కదులుతోంది, నడుమ సమయమెక్కడుంది? పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో శరీరధర్మ శాస్త్రానికి పెద్దదిక్కయిన యోహానెస్ మ్యూలర్ కూడా నాడిలో కబురు వేగాన్ని బహుశా ఎన్నటికీ కొలవలేమనే అనుకున్నాడు. ఆయన శిష్యుడు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కొలిచేశాడు. ఉపాయం వింటే ఇంతేనా అనిపిస్తుంది. కప్ప కాలి కండరాన్ని నాడితో సహా విడదీసి, నాడిని ఒకసారి కండరానికి దగ్గరగా, ఇంకోసారి దూరంగా విద్యుత్తుతో తాకించాడు. దూరంగా తాకించినప్పుడు కండరం లేశమంత ఆలస్యంగా అదిరింది. ఆ లేశాన్ని పట్టుకోవడమే గొప్ప. లెక్క తేలింది: సెకనుకు దాదాపు 30 మీటర్లు. మెరుపు వేగం కాదు సరికదా, గాలిలో శబ్దం పోయే వేగంలో పదోవంతు కూడా లేదు.

సొంత తండ్రే మొదట ఒప్పుకోలేదు. తలపూ చేతా ఏకకాలంలో జరుగుతాయని నమ్మిన పెద్దమనిషి, కొడుకు వాటి మధ్య గడియారం తెచ్చి పెడితే నొచ్చుకోడా మరి! హెల్మ్‌హోల్ట్జ్ ఊరుకోక తిమింగలాన్ని కూడా తలచుకున్నాడు. అంత పొడుగు జంతువుకి తోక మీద దెబ్బ తగిలితే తలకి తెలియడానికి ఒక సెకను, తోక విదిలించమని చెప్పడానికి ఇంకో సెకను. 30 మీటర్ల నీలి తిమింగలాన్ని ఊహించుకుని చూడండి, ఆ లెక్కలో తప్పు పట్టడానికేమీ లేదు.

మరి ఆ పోయేది ఏమిటి? తీగలో కరెంటు లాంటిదే అనుకుంటాం గానీ కాదు. చేను దగ్గరే ఉన్నాం కాబట్టి చేను లెక్కలోనే చెప్పుకుందాం. నాడీతంతువు ఒక సన్నని పొడుగాటి మడి. దాని గట్టు బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. ఈ ఎత్తుపల్లాలు ఊరికే నిలవవు. గట్టు పొడుగునా ఏతాలు పనిచేస్తూనే ఉంటాయి. ఒక్కో తోడుకి మూడు సోడియం అయాన్లు బయటికి, రెండు పొటాషియం అయాన్లు లోపలికి. మనం నిద్రపోతున్నా ఏతం ఆగదు. ఒంటి బరువులో యాభయ్యోవంతు ఉండే మెదడు ఒంటి శక్తిలో అయిదోవంతు తినేస్తుందంటే, అందులో పెద్ద వాటా ఈ తోడకానికే.

ముల్లు దిగగానే కొసన ఉన్న మడవ తెగుతుంది. సోడియం లోపలికి దూకుతుంది. ఆ ఊపుకి పక్క మడవ తెగుతుంది, దాని ఊపుకి ఆ పక్కది. ఒక్కో మడవా తెరుచుకుని మూసుకోవడానికి సెకనులో వెయ్యోవంతు చాలు. నీళ్ళు మడి పొడుగునా ప్రవహించడం లేదు, గట్టు తెగడమే ముందుకు పాకుతోంది. దీపావళికి సీమటపాకాయల సరం అంటించినట్టే. మొదటి కాయలోని మందు చివరి కాయ దాకా పోదు, ఒక్కోటీ తన మందుతో తనే పేలుతుంది. అందుకే ఎంత దూరం పోయినా కబురు నీరసపడదు. కాళ్ళ దగ్గర ఎంత బలంగా బయలుదేరిందో నడుం దగ్గరా అంతే బలం. సరానికీ నాడికీ తేడా ఒక్కటే: పేలిన కాయ వెంటనే మళ్ళీ మందు కూరుకుని సిద్ధంగా కూర్చుంటుంది.

అయితే ఒక్కోసారి పెద్దగా, ఒక్కోసారి చిన్నగా పేలడమనేది లేదు. పేలితే పూర్తిగా పేలుతుంది, లేదంటే లేదు. మరి గీరుకున్నదానికీ దిగబడినదానికీ తేడా మెదడుకెలా తెలుస్తుంది? డప్పు వినేవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. దెబ్బ అదే, దరువు జోరందుకుంటుంది. సెకనుకు ఎన్ని దెబ్బలన్నదే నొప్పి తీవ్రత.

ఈ మడవల గుట్టు విప్పిన ఘనత సముద్రంలోని స్క్విడ్‌కి దక్కాలి. ఆపద వస్తే అది ఒంట్లోని నీటిని ఒక్కసారిగా చిమ్మి వెనక్కి దూసుకుపోతుంది. ఆ ఉత్తర్వు ఒంటి కండరాలన్నిటికీ చప్పున చేరాలి. తంతువు ఎంత లావైతే కబురు అంత వేగం. అందుకని దాని తంతువు అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు దాకా లావెక్కింది. మన తంతువులు మిల్లీమీటరులో యాభయ్యోవంతుకి మించవు. స్క్విడ్‌ది మామూలు కంటికే కనిపిస్తుంది, అందులోకి సన్నని తీగ దూర్చవచ్చు. ఇంగ్లండులోని ప్లిమత్ సముద్రతీర ప్రయోగశాలలో 1939 వేసవిలో అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ ఆ పనే చేశారు. కొద్దివారాల్లో యుద్ధం ముంచుకొచ్చి ఇద్దర్నీ వేరే పనుల్లో పడేసింది. మళ్ళీ మొదలుపెట్టి 1952లో లెక్క పూర్తిచేశారు. ఆ లెక్క కట్టాల్సిన సమయానికి కేంబ్రిడ్జిలోని కంప్యూటర్ మార్పుల కోసం పక్కన పెట్టి ఉందట. హక్స్‌లీ చేత్తో పిడి తిప్పే లెక్కల యంత్రం ముందేసుకుని కూర్చున్నాడు. సెకనులో వెయ్యోవంతులో అయిపోయే సంగతిని రోజుల తరబడి పిడి తిప్పి కాగితం మీద మళ్ళీ నడిపించాడు. 1963లో నోబెల్ వచ్చింది. బహుమతి కంటే నాకు ఆ తిరిగే పిడే ఎక్కువ గుర్తుంటుంది.

లావెక్కి వేగం పెంచుకోవడం ఖరీదైన బేరం. వేగం రెండింతలు కావాలంటే లావు నాలుగింతలు కావాలి. వెన్నెముక ఉన్న జంతువులు ఇంకో ఉపాయం పట్టాయి. తంతువుకి మైలిన్ అనే కొవ్వుపొర చుట్టి, మధ్యమధ్య కాస్త మేర మాత్రం ఖాళీగా వదిలాయి. చెరకుగడ కణుపుల్లా. మన పాఠ్యపుస్తకాల్లో వీటి పేరు కూడా రాన్వియర్ కణుపులే. మడవలన్నీ ఆ కణుపుల దగ్గరే గుమిగూడి ఉంటాయి. కబురు కణుపు మీంచి కణుపు మీదికి, వాగులో రాళ్ళ మీద గెంతే పిల్లాడిలా పోతుంది. అలా గెంతే లావుపాటి తంతువుల్లో వేగం సెకనుకు 120 మీటర్ల దాకా, గంటకు 400 కిలోమీటర్ల పైమాట. ఈ పొర చెడితే ఏమవుతుందో 2025 మొదట్లో పుణె వార్తల్లో విన్నాం. అప్పుడు వార్తలకెక్కిన గిలాన్ బారీ సిండ్రోమ్‌లో చాలామందికి ఒంటి రక్షణ వ్యవస్థే తప్పుబడి మైలిన్‌ని కొరికేస్తుంది. బలహీనత సాధారణంగా పాదాల్లో మొదలై పైకి పాకుతుంది.

ఒక కణం ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట చిన్న ఎడం ఉంటుంది. మిల్లీమీటరులో లక్షోవంతుకి రెండింతలో మూడింతలో, అంతే. విద్యుత్తుగా వచ్చిన కబురు అక్కడ ఆగి, రసాయనంగా మారి, ఏరు దాటి, అవతలి ఒడ్డున మళ్ళీ విద్యుత్తుగా లేస్తుంది. దీన్ని రుజువు చేసిన ఆటో లోవీకి ప్రయోగం కలలో కనిపించింది. మొదటి రాత్రి లేచి కాగితం మీద గిలికాడు, తెల్లారి చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. మర్నాటి రాత్రి మళ్ళీ అదే కల. ఈసారి రాసుకోవడాలు మానేసి తెల్లవారుజామున మూడింటికే ప్రయోగశాలకి పరుగెత్తాడు. ఒక కప్ప గుండెని నాడి ద్వారా నెమ్మదింపజేసి, దాన్ని తడిపిన ద్రవాన్ని తీసి ఇంకో గుండె మీద పోశాడు. నాడితో సంబంధమే లేని ఆ రెండో గుండె కూడా నెమ్మదించింది. కబురు నీళ్ళలో కలిసి వచ్చింది! ఆ రసాయనం పేరు అసిటైల్‌కోలిన్. నాడి నుంచి కండరానికి ఉత్తర్వు దాటించేదీ అదే.

ఆ రేవుని కాపుకాసే జీవి మన పల్లెల్లో ఉంది. కట్లపాము. నల్లటి ఒంటి మీద సన్నని తెల్లకట్లు. పగలంతా కన్నాల్లో పడుకుని రాత్రిపూట తిరుగుతుంది. వానాకాలంలో నేల మీద పడుకున్నవాళ్ళ పక్కలోకి చేరుతుంది. కాటు చాలాసార్లు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. వాపు ఉండదు, గాటు వెతికినా దొరకదు. మనిషి కడుపునొప్పితో లేస్తాడు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, ఎత్తుదామన్నా ఎత్తలేడు. మాట ముద్దవుతుంది, గుటక పడదు, ఆఖరికి ఊపిరి. మెదడు బాగానే ఉంది, నాడి పొడుగునా మడవలు తెగుతూనే ఉన్నాయి, కండరంలో సత్తువ ఉంది. రేవు దగ్గర మాత్రం దాటే దారి లేదు. విషంలోని ఒక భాగం అవతలి ఒడ్డున అసిటైల్‌కోలిన్ దిగే చోట్లన్నీ ఆక్రమిస్తుంది. ఇంకో భాగం ఇవతలి ఒడ్డున నాడి కొసల్నే పాడుచేస్తుంది. అందుకే వెంటనే ఆసుపత్రికి చేర్చి విరుగుడు మందు ఎక్కించాలి. ఆలస్యమైతే ఆ కొసలు మళ్ళీ మొలిచేదాకా రోజుల తరబడి యంత్రంతోనే ఊపిరి పోయాలి. ఆ రోజుల్లో మంచం మీద కదలకుండా పడున్న మనిషి చుట్టూ జరిగే మాటలన్నీ వింటూ ఉండవచ్చు. ఇక లేడనుకుని తలాపున ఏడ్చేవాళ్ళని కూడా.

ఆ పూట మా చేలో ఆడవాళ్ళు పండుకాయ కోస్తున్నారు. ముఖాలకి గుడ్డలు చుట్టుకున్నారు. ఇంటికెళ్ళాక చేతులకి నూనె రాసుకుంటారు. మిరపఘాటు నీళ్ళతో కడిగితే పోదు, కొవ్వులో కరుగుతుంది. నోరు మండినా మంచినీళ్ళ కంటే మజ్జిగే మేలు. కాయలో ఘాటంతా గింజలదే అనుకుంటాం గానీ, అది పుట్టేది గింజలు అంటిపెట్టుకునే లోపలి తెల్లటి పొరలో.

తెలుగులో పొయ్యిలోదీ మంటే, గుంటూరు మిరపకాయదీ మంటే. ఇది మాటల పిసినారితనం కాదు. అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనుక్కున్న సంగతేమిటంటే, నాడి కొసన ఉండే ఒకానొక మడవ వేడి 43 డిగ్రీలు దాటితే తెరుచుకుంటుంది, మిరపలోని క్యాప్సైసిన్ తగిలినా తెరుచుకుంటుంది. మెదడుకి రెంటికీ తేడా లేదు. ఎక్కడో నిప్పు ఉందనే దానికి అందే కబురు. 2021లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. మన అమ్మమ్మలకి ఎప్పుడో ఇవ్వాల్సింది. పిప్పరమెంటు బిళ్ళ నోట్లో చల్లగా ఉండటం కూడా ఇలాంటి మాయే, చల్లదనం కబురు మోసే ఇంకో మడవని మెంథాల్ తెరుస్తుంది. బిళ్ళలో చల్లదనం లేదు, కాయలో నిప్పు లేదు.

పక్షుల్లో ఆ మడవకి క్యాప్సైసిన్ పట్టదు. అందుకే రామచిలుక పండుమిరపకాయని కాలితో పట్టుకుని జామపండులా కొరుక్కు తింటుంది, కన్ను కూడా చెమర్చదు. గింజల్ని దూరదూరాలకి మోసేది పిట్టలే కాబట్టి మొక్కకి వాటితో పేచీ లేదు. గింజలు నమిలేసే ఎలుకల లాంటి వాటిని బెదిరించడానికే ఈ ఘాటంతా. ఆ బెదిరింపునే ఏరికోరి అన్నంలో కలుపుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఇంకో ముద్ద కలిపే జంతువు మనిషి ఒక్కడే కాబోలు.

ఆ సాయంత్రం ఇల్లు చేరాక పెరట్లో కుళాయి కింద నాన్న కాళ్ళు కడుక్కుంటున్నాడు. అమ్మ తువ్వాలు తెచ్చి అక్కడే ఆగిపోయింది.

"కాలికేమైందండీ? నీళ్ళు ఎర్రగా పోతున్నయ్."

చూస్తే ఎడమ అరికాల్లో ముల్లు. సగానికి విరిగి, చాలా లోపలికి దిగి ఉంది. అదే గట్టు, అదే తుమ్మ. నా వెనకాల నడుస్తూ, నన్ను చూసి నవ్వుతూ, ఎక్కడో తనూ తొక్కాడు. తొక్కి పొద్దుగూకేదాకా దాని మీదే నడిచాడు. పిన్నీసుతో అమ్మ తవ్వి తీస్తుంటే ఆయన పశువుల కుడితి గురించి ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. నాన్నకి షుగరొచ్చి పదిహేనేళ్ళయింది.

"ఈ మధ్య చెప్పు జారిపోయినా తెలవటం లేదు. బురదలో పోగొట్టుకోటం ఎందుకని గట్టు మీదే వదిలిపెట్టి పోతన్నా," అన్నాడు మామూలుగా.

కాలి వేలి నుంచి స్పర్శని మోసే నాడీకణం ఒక విచిత్రం. దాని అసలు ఒళ్ళు నడుం దగ్గర వెన్ను పక్కన ఉంటుంది, చుక్కంత. అక్కడినుంచి ఒక కొమ్మ కిందికి కాలివేలి దాకా, ఇంకో కొమ్మ పైకి మెదడు మొదలు దాకా. మనిషి ఎత్తుకి రమారమి సాటివచ్చే పొడుగుతో ఒకే ఒక్క కణం! వేలి కొసకి కావలసిన సరుకంతా నడుం దగ్గరే తయారై, తంతువు లోపలి దారిన మోసుకుపోవాలి. మోసే కూలీ కైనెసిన్ అనే ప్రొటీన్. దానికి నిజంగానే రెండు పాదాల లాంటివి ఉన్నాయి. ఒకదాని ముందు ఒకటి వేస్తూ నడుస్తుంది. అడుగు 8 నానోమీటర్లు. నడుం నుంచి వేలి దాకా మీటరు పోవాలంటే పన్నెండున్నర కోట్ల అడుగులు. ఎంత చురుగ్గా సాగినా రోజుకి 40 సెంటీమీటర్లు, రెండున్నర రోజుల ప్రయాణం. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి హెచ్చుగా ఉంటే ఈ కణాలు నలిగిపోతాయి. ముందు దెబ్బతినేది పొడుగాటి తంతువులే. కాలువ ఎండితే ముందు నీరందనిది చివరి భూములకే కదా. కొందరికి అరికాళ్ళు రాత్రుళ్ళు భగ్గుమంటాయి. దానికి మిరపఘాటుతోనే చేసిన పూతమందు కూడా ఉంది. ఇంకొందరికి ఏ కబురూ రాదు.

మర్నాడు పట్నం తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చిన్నపిల్ల, మహా అయితే ముప్ఫయ్యేళ్ళు. గాయానికి కట్టు కట్టి, సొరుగులోంచి ఒక పిడి తీసింది. దాని కొసన అంగుళం నైలాన్ దారం, గాలపు దారం లాంటిది. సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడికి వంగేలా చేస్తారట.

"కళ్ళు మూసుకోండి తాతగారూ. కాలికి ఎక్కడ తగిలినా 'ఆ' అనండి."

నాన్న కళ్ళు మూసుకున్నాడు. దూరాన వచ్చే బస్సు చప్పుడు కోసం విన్నట్టు, మెడ కాస్త పక్కకి వాల్చి, బుద్ధిగా కూర్చున్నాడు. దారం బొటనవేలి కింద ఆనింది. విల్లులా వంగింది. గది నిశ్శబ్దంగా ఉంది. ఆమె కాగితం మీద ఒక గుర్తు పెట్టి చిటికెనవేలి కిందికి జరిగింది. మళ్ళీ వంగింది. మడమ మీద ఇంకోసారి. నా కుడి అరికాల్లో నిన్నటి ముల్లు చోటు సన్నగా సలుపుతూనే ఉంది.

కాసేపు ఆగి నాన్న కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"ఇంకా మొదలెట్టలేదా అమ్మా?"